ఎవరు కొనకూడదు

గళ్ళమ్మ పొద్దున్నే వచ్చీ రాగానే "అద్భుతం" అనే మాటను వెతికి చంపడంతో పని మొదలుపెట్టింది. బాత్రూం గోడకు అంటించుకునే హ్యాండిళ్ళ మీద కొనుగోలు గైడ్ అది. టైల్స్‌కు బెజ్జాలు వేయక్కర్లేకుండా రబ్బరు కప్పులతో గోడను పట్టుకునే రకం. గైడ్ పాతదే, కొత్త మోడళ్ళు వచ్చాయని మళ్ళీ సరిచేస్తోంది. కంపెనీలు పంపిన వివరాల్లో ప్రతి హ్యాండిలూ అద్భుతమే. నిన్నటి మిక్సీలూ అద్భుతం, మొన్నటి నేల తుడిచే కర్రలూ అద్భుతం. ఇన్ని అద్భుతాలు పెట్టుకుని లోకం ఇంకా ఎందుకిలా ఏడుస్తోందో తనకు అర్థం కాదని పక్క కుర్చీ పిల్లతో అంది. ఆ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది కాబట్టి బతికిపోయింది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కింద చెప్పుల దుకాణం, పైన పళ్ళ డాక్టరు, మధ్యలో వీళ్ళు. పై నుంచి డ్రిల్లు చప్పుడు వచ్చినప్పుడల్లా కుర్రకారంతా నాలుకతో పళ్ళు తడుముకుంటారు. గళ్ళమ్మ మాత్రం తల ఎత్తదు. లావుపాటి మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. మౌస్ పట్టుకుని పట్టుకుని నొప్పెట్టిన కుడి మణికట్టుకు సాగే పట్టీ ఒకటి. బల్ల కింద చెప్పులు విప్పేసి, వాచిన పాదాలు బోర్లించిన అట్టపెట్టె మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఆ వాపు ఈ ఉద్యోగంలో వచ్చింది కాదు. అంతకు ముందు కొట్లో కౌంటర్ వెనక ఏళ్ళ తరబడి నిలబడితే వచ్చింది.

అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తెలుసు. ఎదురుగా అందరికీ మేడం, వెనక గళ్ళమ్మ. రోజంతా గళ్ళు గీస్తుంది, గడి గడికీ గొడవ పడుతుంది కాబట్టి ఆ పేరు. ఆమెకూ తెలుసు. ఒకసారి ఎవరో పొరపాటున మొహం మీదే అనేసి నాలుక కరుచుకుంటే, "పర్లేదులే, దాంట్లో అబద్ధం ఏముంది" అంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆన్‌లైన్‌లో ఒక వస్తువు కొందామని వెతికితే వంద కనబడతాయి, కొనేవాళ్ళ తల తిరిగిపోతుంది. అందుకని అందులో ఓ అయిదింటిని ఏరి, పట్టికలో పెట్టి చూపించాలి. ఒక్కో వస్తువు ఒక్కో వరుస. ముందు ఫోటో, తర్వాత పేరు, రేటింగ్ చుక్కలు, మంచి గుణాలు, పక్కనే పసుపు రంగులో "కొనండి" అనే బటన్. ఎవరైనా ఆ బటన్ నొక్కి కొన్నప్పుడల్లా ఆఫీసుకు కమీషన్ వస్తుంది. అందరి జీతాలూ ఆ పసుపు బటన్ నుంచే రావాలి.

ఇవన్నీ అయ్యాక పట్టిక చివర ఇంకో కాలమ్ ఉంటుంది. దాని పేరు "ఎవరు కొనకూడదు". లోకంలో ఏ కొనుగోలు గైడ్‌లోనూ లేని కాలమ్ అని గళ్ళమ్మ నమ్మకం. అది ఆమె పెట్టించింది. ఆమె నింపుతుంది. ఆ కాలమ్‌లో ఒక్క మాట మార్చమన్నా ఊరుకోదు, ఆఫీసు పీకి పందిరి వేస్తుంది.

దాన్ని నింపడానికి ఆమె పద్ధతి ఆమెది. మెచ్చుకున్న రివ్యూలు చదవదు. అట్టడుగున ఒక్క చుక్క ఇచ్చి తిట్టినవాటి దగ్గర మొదలుపెట్టి పైకి వస్తుంది. మెచ్చుకునేవాడు రెండు ముక్కల్లో తేల్చేసి పోతాడు, తిట్టేవాడు మాత్రం ఒళ్ళు దాచుకోకుండా రాస్తాడంటుంది. తర్వాత కంపెనీ పంపిన నమూనాను చేతిలోకి తీసుకుని పిసుకుతుంది, వంచుతుంది, వాసన చూస్తుంది. కుక్కర్ మూతను ఎడమ చేత్తో తీసి చూస్తుంది, ఎందుకంటే కుడి చేయి నొప్పిగా ఉన్నవాళ్ళు కూడా అన్నం వండుకోవాలి. ఆ తర్వాతే రాస్తుంది. ఎలా రాస్తుందంటే, వాషింగ్ మెషీన్ పక్కన, "పొడుగు తక్కువ వాళ్ళు కొనకూడదు, పై మూత అందదు." గ్రైండర్ పక్కన, "ఒక్కరే ఉండేవాళ్ళు కొనకూడదు, సగం పిండి పారబోయాల్సి వస్తుంది."

ఇదంతా కొట్టు నేర్పిన విద్య. జడలు వేసుకునే వయసులో ఒక గృహోపకరణాల కొట్లో చేరింది. యజమాని పెద్దాయన. వరస ఏమీ లేకపోయినా బాబాయ్ అనేది, ఆయన భార్యను పిన్ని అనేది. చేరిన మొదటివారమే ఒకావిడ పెద్ద గ్రైండర్ కొనబోతుంటే "ఇది మీకొద్దండీ, మీరు ఇద్దరే కదా" అని చెప్పి పంపేసింది. పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు. నిన్ను అమ్మడానికి పెట్టుకున్నానా, తరమడానికి పెట్టుకున్నానా అని గుక్కతిప్పుకోకుండా తిట్టాడు. కానీ తరిమేసిన ఆవిడే మళ్ళీ వచ్చి, చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చి, "ఆ వద్దనే అమ్మాయి ఏదీ?" అని అడిగేసరికి నోరు మూసుకున్నాడు. అప్పట్నుంచి ఊళ్ళో ఆ కొట్టుకు అదే గుర్తు. ఆన్‌లైన్ వచ్చి కొట్టును మింగేశాక కూడా, "నా కొట్టు మూయించింది ఆన్‌లైన్ కాదమ్మా, నీ నోరు" అని ఆమెను ఏడిపిస్తుండేవాడు.

కొట్టు ముందు భాగం ఇప్పుడు ఒక దర్జీకి అద్దెకిచ్చి, పెద్దాయన పైన రెండు గదుల్లో ఒక్కడే ఉంటున్నాడు. పిన్ని పోయింది. గళ్ళమ్మ ఆదివారం ఆదివారం వెళ్ళి, ఫ్రిజ్‌లో కుళ్ళినవి పారేసి, నాలుగు తిట్లు తిట్టి వస్తుంది. ఈ మధ్య ఆయనకు మోకాళ్ళు పట్టు తప్పుతున్నాయి. స్నానానికి వెళ్ళినప్పుడు కుళాయి పట్టుకుని లేస్తున్నాడని ఆమెకు తెలిసింది. మేస్త్రీని పిలిచి గోడకు స్క్రూలు కొట్టించి స్టీలు కమ్మీ పెట్టించమని నెలల తరబడి పోరుతోంది. ఆయన వినడు. బాత్రూం టైల్స్ మీద పువ్వులు ఉబ్బెత్తుగా ఉంటాయి, పిన్ని దగ్గరుండి ఏరుకొచ్చినవి. వాటికి బెజ్జాలు వేయిస్తే ఆవిడకు వేయించినట్టే ఉంటుందట. అయినా కిందటి ఆదివారం కూడా పోరింది. "ఏదో ఒకటి చూశాలే, నువ్వు నోరు పారేసుకోకు" అన్నాడు. ఏం చూశాడో అడిగేలోపు టీవీ శబ్దం పెంచేశాడు.

పొద్దున హ్యాండిళ్ళ పట్టిక తెరిచినప్పుడు ఆ సంగతే ఆమె మనసులో ఉంది. చివరి కాలమ్‌లో తను ఎప్పుడో రాసిన మాటలు మళ్ళీ చదువుకుంది. "గరుకు టైల్స్, ఉబ్బెత్తు పువ్వుల టైల్స్ ఉన్నవాళ్ళు కొనకూడదు. ఒంటి బరువంతా మోపేవాళ్ళు కొనకూడదు. పెద్దవాళ్ళ కోసం అసలు కొనకూడదు." బాగానే ఉంది అనుకుంది. ఆ చివరి వాక్యాన్ని ఇంకాస్త లావు అక్షరాల్లో పెట్టింది.

అంతలో ఫోను. హ్యాండిళ్ళ కంపెనీ తాలూకు మనిషి. మర్యాదగానే మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళు కొనకూడదంటే మరి బాత్రూం హ్యాండిల్ ఎవరు కొంటారు మేడం, పరుగు పందెం కుర్రాళ్ళా అన్నాడు. గళ్ళమ్మ లేచి నిలబడింది. ఆమె పోట్లాటలన్నీ నిలబడే చేస్తుంది, కౌంటర్ అలవాటు. మీ పెట్టెలోనే అగ్గిపెట్టెంత కాగితం పెట్టారు, దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో "శరీర భారం మోపరాదు" అని మీరే రాసుకున్నారు, మీరు చీమలకు చెప్పింది నేను మనుషులకు చెబుతున్నాను, అంది. మీ పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. శుభ్రంగా మాట్లాడుకో అని ఫోను గాజు గదిలోకి తీసుకెళ్ళి మేనేజర్ చేతిలో పెట్టింది.

మేనేజర్‌ను ఆఫీసులో సరేబాబు అంటారు. ఏం చెప్పినా సరే అనేస్తాడు. ముప్పై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, చెరగని చిరునవ్వు. ఇన్నేళ్ళలో గళ్ళమ్మ మాటకు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఫోను తీసుకుని కాసేపు విన్నాడు. "చివరి కాలమేనండీ... అవునవును, ఆ చివరిదే" అన్నాడు. అవతలివాడు ఏమన్నాడో గానీ ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను తిరిగి ఇస్తూ, "అయిపోయింది మేడం. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదట. మీ గడి మీదే" అన్నాడు.

గళ్ళమ్మ గెలిచింది. ప్రతిసారీ ఇలాగే గెలుస్తుంది. పెద్ద పెద్ద కంపెనీలు ఆమె ముందు తోక ముడిచాయి. సీటుకు తిరిగొస్తూ పక్క కుర్చీ పిల్ల చెవిలోంచి పాట పీకి మరీ ఆ సంగతి చెప్పింది. ఇంట్లో భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజూ సాయంత్రం తలుపు తీస్తూనే ఆమె మొహం చూసి "ఇవాళ ఎవరు?" అంటాడు. పెళ్ళికి ముందు నన్ను కూడా గళ్ళు గీసి చూశావా అని ఒకసారి అడిగితే, "చూశాను. చివరి గడిలో రాయడానికి చోటు చాలలేదు, అయినా కొన్నాను" అంది. ఇవాళ అతనికి ఈ హ్యాండిల్ వాడి కథ చెప్పాలనుకుంటూ అన్నం డబ్బా మూత తీసింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే దర్జీ ఫోన్ చేశాడు. పెద్దాయన బాత్రూంలో పడిపోయాడట. పైన ఏదో దబ్బున పడిన చప్పుడైతే పరిగెత్తుకెళ్ళాడట. తలుపు గడియ వేసి లేదు కాబట్టి సరిపోయింది, ఆసుపత్రిలో ఉన్నాం రమ్మన్నాడు. ఆమె డబ్బా మూత కూడా పెట్టకుండా లేచింది.

ఆసుపత్రిలో పెద్దాయనను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. తలకు కట్టు. తుంటి దగ్గర దిండు. నడుముకు చుట్టిన తడి తువ్వాలుతోనే మోసుకొచ్చారు, దాని మీద ఆసుపత్రి దుప్పటి కప్పారు. అంత దెబ్బ తగిలినా ఆయనకు ఆ తువ్వాలు గురించే సిగ్గుగా ఉంది. దుప్పటిని గడ్డం దాకా లాక్కుంటున్నాడు. ఆమెను చూడగానే, తిట్లు మొదలుకాకుండా ముందే తను మాట్లాడాడు.

"నన్ను అనకు. తప్పు నీదే. జన్మలో మొట్టమొదటిసారి నువ్వు ఒక వస్తువు కొనమన్నావు కదా అని కొన్నాను."

గళ్ళమ్మకు అర్థం కాలేదు. నేనేం కొనమన్నాను బాబాయ్ అంది.

"గోడకు అంటించే హ్యాండిల్. బెజ్జాలు వేయక్కర్లేదని. మీ ఆఫీసు పట్టిక చూసే కొన్నాను. పైన పెద్దక్షరాల్లో రాశారుగా, ఇంట్లో పెద్దవాళ్ళ భద్రతకు అని."

ఆ శీర్షిక ఆమెది కాదు. శీర్షికలు వేరేవాళ్ళు పెడతారు. అదేం పట్టించుకోకుండా, నేను చివర రాశాను కదా, పువ్వుల టైల్స్ మీద వద్దని, పెద్దవాళ్ళకు వద్దే వద్దని, చదవలేదా అని గట్టిగానే అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపబోయి నొప్పితో ఆగాడు. మొత్తం చదివాను, అలాంటి మాట ఎక్కడా లేదన్నాడు. దర్జీ జేబులోంచి ఆయన ఫోను తీసిచ్చాడు. పెద్దాయన వెతికి వెతికి పట్టిక తెరిచి ఆమె చేతికిచ్చాడు.

ఫోటో ఉంది. పేరు ఉంది. నాలుగున్నర చుక్కలున్నాయి. రెండు మంచి గుణాలున్నాయి. పసుపు రంగులో "కొనండి" ఉంది. అక్కడితో ఫోను అంచు వచ్చేసింది. పట్టిక అయిపోయినట్టే ఉంది, చక్కగా గీత గీసి ముగించినట్టు ఉంది. గళ్ళమ్మ కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత బొటనవేలితో పట్టికను పక్కకు తోసింది. అప్పుడు, ఎక్కడో దాక్కున్నట్టు, ఆమె కాలమ్ మెల్లగా బయటికొచ్చింది. లావు అక్షరాలతో సహా.

పెద్దాయన అటు చూశాడు. "పక్కకు తోయాలని ఎవరు చెప్పారమ్మా? తలుపు వెనక రాసిపెడితే నాకెలా కనబడుతుంది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆమె ఏనాడూ తన పట్టికను ఫోనులో చూడలేదు. ఆఫీసులో రెండు చేతుల వెడల్పు తెర ముందు రోజంతా కూర్చుంటుంది. ఇంటికి వెళ్ళాక కూడా ఆ మొహమే చూడాలా అని ఫోనును పాటలకూ మాటలకూ తప్ప ముట్టుకోదు. కొనేవాళ్ళు ఆఫీసు తెరల ముందు కూర్చుని కొనరని, బస్సుల్లో, వంటింట్లో, మంచం మీద వెల్లకిలా పడుకుని అరచేతిలో చూసి కొంటారని ఆమెకు తెలియక కాదు. తెలుసు. తన కాలమ్‌కు ఆ సంగతి ముడిపెట్టి చూడలేదు, అంతే. ఆమె చేసిన తప్పు అంత చిన్నది. చిన్నది కాబట్టే క్షమించుకోలేకపోయింది.

పెద్దాయన ఆమె మణికట్టు పట్టీ మీద చెయ్యి వేశాడు. ఇంటికెళ్ళి చొక్కా, పంచె, దువ్వెన తెచ్చిపెట్టమన్నాడు. నర్సు పిల్లల ముందు తువ్వాలుతో పడుకోవడం బాగాలేదన్నాడు. ఆమె తలూపి వెళ్ళింది.

గదులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కప్పులో సగం తాగిన టీ. మోగుతున్న టీవీ. బాత్రూం గుమ్మం దగ్గర ఒక చెప్పు ఇటు, ఒకటి అటు. లోపల నేల మీద సబ్బు నీళ్ళలో తెల్లటి హ్యాండిల్ వెల్లకిలా పడి ఉంది, రెండు రబ్బరు కప్పులూ పైకి పెట్టుకుని. ఆమె దాన్ని తీసి టైల్స్ మీద పెట్టి, కప్పుల మీది మీటలు రెండూ కిందికి నొక్కింది. అంటుకుంది. పట్టుకుని లాగి చూసింది. రాలేదు. హ్యాండిల్ మంచిదేనేమో, ఆయనే కాలుజారాడేమో అని ఒక్క క్షణం అనుకుంది కూడా. తర్వాత పువ్వు రేకుల సందుల్లోంచి గాలి దూరి, హ్యాండిల్ సన్నగా ఉస్సుమని ఆమె చేతిలోకి వచ్చేసింది. అంటుకోనిదైతే ఎవరూ నమ్మరు. ఇది కాసేపు అంటుకుంటుంది, మనిషి దాని మీద బరువు వేసేదాకా ఆగుతుంది. గళ్ళమ్మ అరికాలి నుంచి నడినెత్తి దాకా భగ్గుమంది. దాన్ని సబ్బు నీళ్ళతో సహా సంచిలో పడేసి, చొక్కా, పంచె, దువ్వెన తీసుకుంది. టీవీ కట్టేసింది.

ఆసుపత్రికి తిరిగి వెళ్ళేసరికి దర్జీ వరండాలో ఉన్నాడు. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయినట్టున్నాడు, దాని రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. మీరు వెళ్ళిన కాసేపటికి నిద్ర వస్తోందన్నాడమ్మా అన్నాడు. నిద్రపోయాడు, మళ్ళీ లేపితే లేవలేదు. తల లోపల రక్తం కారిందని డాక్టరు చెప్పాడట. కిటికీ పక్క మంచం మీద అప్పటికే దుప్పటి మారుస్తున్నారు, ఆయనను పక్క గదికి తీసుకెళ్ళారు. ఆమె ఉతికిన చొక్కాను, పంచెను నర్సు చేతికిచ్చి, ఆ తువ్వాలు తీసేసి ఇవి తొడగమని అడిగింది. దువ్వెనతో జుట్టు తనే దువ్వింది.

పొరుగూళ్ళో ఉండే పెద్దాయన మేనకోడలు కబురు అంది బయలుదేరింది, చీకటి పడేలోపు వస్తుంది. అప్పటిదాకా నేనుంటాను, మీరు కాసేపు కూర్చోండని దర్జీ అన్నాడు. కూర్చుంటే ఏడుపు వస్తుంది. ఆమెకు ఇంకా ఏడవాలని లేదు. సంచి భుజాన వేసుకుని ఆఫీసు వైపు వెళ్ళే బస్సు ఎక్కింది.

ఆఫీసులో ఎవరి పని వారు చేసుకుంటున్నారు. పై నుంచి పళ్ళ డాక్టరు డ్రిల్లు వినబడుతోంది. మూత పెట్టని అన్నం డబ్బాకు పక్క కుర్చీ పిల్ల మూత పెట్టి ఉంచింది. గళ్ళమ్మ నేరుగా గాజు గదిలోకి వెళ్ళింది. కూర్చోలేదు. మా బాబాయ్ పోయాడని చెప్పింది. సరేబాబు మొహం నిజంగానే మారిపోయింది. అయ్యో మేడం, అని లేవబోయాడు. ఇంటికి వెళ్ళండి, ఎన్ని రోజులైనా సెలవు తీసుకోండన్నాడు.

"మన పట్టిక చూసి హ్యాండిల్ కొన్నాడు. ఫోనులో చూశాడు."

అతను లేవడం మధ్యలో ఆపి కూర్చున్నాడు.

"ఫోనులో నా కాలమ్ కనబడదని నీకు తెలుసా?" ఇన్నేళ్ళూ అతన్ని మీరనే పిలిచింది. ఆ మీరు ఇవాళ నోటికి రాలేదు.

తెర వెడల్పు అంతే కదా మేడం, ఎన్నని పడతాయి అని ఏదో మొదలుపెట్టాడు.

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

సరేబాబు బల్ల మీద పెన్నును అటూ ఇటూ జరిపాడు. "మొదట్నుంచీ. ఎంతమంది పక్కకు తోసి చూస్తున్నారో మాకు తెలుస్తుంది మేడం. దాదాపు ఎవరూ చూడరు. కానీ మీరు దానికోసం అంత పట్టుదలగా ఉంటారు. ఉంటే ఏమైంది, ఎవరికీ అడ్డం కాదు కదా అనుకున్నాం. మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక..."

గళ్ళమ్మకు పాత పోట్లాటలన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని పోట్లాటలు. వాక్యం వాక్యానికీ, మాట మాటకీ. మిక్సీల వాళ్ళు, హీటర్ల వాళ్ళు, నిచ్చెనల వాళ్ళు, పొద్దుటి హ్యాండిళ్ళ వాడు, అందరూ ఆమె ముందు తల వంచారు. ఎందుకు వంచారో ఇప్పుడు తెలిసింది. ఆ చివరిదే అన్నాక ఇద్దరూ ఫోనులో ఎందుకు నవ్వుకున్నారో తెలిసింది. ఏడ్చే పిల్ల చేతికి పాడైన ఫోను ఇచ్చి మాట్లాడుకోమన్నట్టు తనకు ఒక కాలమ్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ పాడైన ఫోనులో ఆమె ఇన్నేళ్ళూ గొంతు చించుకుంది. పెద్దాయన పోయిన దుఃఖం ఒకపక్క ఉండనే ఉంది. ఈ మంట వేరు. ఇన్నేళ్ళూ తనూ ఒక మనిషిననుకున్న చోట తనను ఎవరూ లెక్కలోకే తీసుకోలేదన్న మంట.

అరవలేదు. ఆ కాలమ్‌ను ముందుకు తీసుకురా, ఫోటో పక్కన పెట్టు అంది. ఒక్క హ్యాండిళ్ళ గైడ్‌లో చాలు, మిగతావి తర్వాత చూద్దాం అంది. అతను సరే అంటాడని ఆమెకు ఆ క్షణం వరకూ నమ్మకం ఉంది.

"కుదరదు మేడం" అన్నాడు సరేబాబు. "అక్కడ పెడితే ఎవరూ కొనరు."

"కొనకూడనివాళ్ళు కొనరు. అంతే కదా?"

"కొనేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ మేడం."

ఆ మాట అన్నాక అతనికే ఇబ్బందిగా అనిపించినట్టుంది, కళ్ళు దించుకున్నాడు. గళ్ళమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చుని పట్టిక తెరిచింది. చివరి కాలమ్‌ను మౌస్‌తో పట్టుకుని, ఇటు లాక్కొచ్చి ఫోటో పక్కన పెట్టి, గైడ్‌ను బయటికి వదిలింది. గాజు గదిలోంచి అతను ఆమెనే చూస్తున్నాడు. లేవలేదు. తన కంప్యూటర్ వైపు తిరిగి ఏదో నొక్కాడు. ఆమె కళ్ళముందే కాలమ్ మళ్ళీ చివరికి వెళ్ళి నిలబడింది. ఆమె మళ్ళీ లాక్కొచ్చింది. అది మళ్ళీ వెళ్ళిపోయింది. పక్క కుర్చీ పిల్ల చెవుల్లోంచి పాటలు తీసేసి, రెండు తెరలవైపూ మార్చి మార్చి చూసింది. మూడోసారి లాగబోతే తెర తెల్లబడి పాస్‌వర్డ్ అడిగింది. ఆమె పాస్‌వర్డ్ ఇక చెల్లలేదు.

గళ్ళమ్మ బల్ల కిందికి వంగి చెప్పులు తొడుక్కుంది. అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది. పక్క కుర్చీ పిల్ల లేచి, ఎక్కడికి మేడం అంది. "మా బాబాయ్ దగ్గరికి. రేపట్నుంచి రాను" అంది. ఆ పిల్ల భుజం తట్టి, ఇంట్లో పెద్దవాళ్ళకు ఏదైనా కొనే ముందు పట్టికను పక్కకు తోసి చూడమని చెప్పింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తలుపు దాకా వెళ్ళిన మనిషి ఆగి, వెనక్కి వచ్చింది. సంచిలోంచి హ్యాండిల్ తీసింది. గాజు గది ముందు నిలబడి, లోపల కూర్చున్న మనిషి మొహానికి సరిగ్గా ఎదురుగా దాన్ని గాజుకు ఆనించి, మీటలు రెండూ నొక్కింది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, తన లావుపాటి ఒళ్ళంతా బరువేసి వేలాడింది. గాజు గది గజగజలాడింది. లోపల సరేబాబు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. హ్యాండిల్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆమె చేతులు వదిలేసింది. చెంగుతో అరచేతులు తుడుచుకుని మెట్లు దిగింది. వీధిలో బస్సు ఎక్కాక, కిటికీ పక్కన కూర్చున్నాక, అప్పుడు ఏడ్చింది.

పైన అందరూ చూస్తుండగా సరేబాబు బయటికొచ్చి హ్యాండిల్ పట్టుకుని లాగాడు. ఇద్దరు కుర్రాళ్ళు సాయం వచ్చారు. మీటలు పైకి ఎత్తబోతే ఎండిన సబ్బుకు బిగుసుకుపోయి రాలేదు. గాజు పగులుతుందేమో వదిలెయ్యండి అని ఎవరో అన్నారు. సరే అన్నాడతను. దీపాలు ఆర్పి అందరూ వెళ్ళిపోయాక కూడా, మధ్యలో గళ్ళమ్మ చేతులు పట్టి వేలాడిన మేర మాత్రం శుభ్రంగా, మిగతాదంతా సబ్బు మరకలతో, ఆ తెల్లటి హ్యాండిల్ గాజును పట్టుకునే ఉంది.